సీరియల్లో పనిమనిషి తలుపు దాటాక ఎక్కడికి వెళ్తుంది?

పాత టీవీ సీరియల్స్‌లో ఇంటి పనివాళ్ళ పాత్రలు నిజానికి దగ్గరగా ఉండేవా, వాటిలో గుర్తుండిపోయినవి ఏవి అని అడిగారు. చాలావరకు దగ్గరగా లేవండీ. కాఫీ ట్రే పట్టుకొస్తారు, చెవిన పడాల్సిన మాట చెవిన పడుతుంది, తలుపు దాటి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్తారు, ఏం తింటారు, వాళ్ళ పిల్లలు ఎవరి దగ్గరున్నారు అన్న సంగతి కథకి పట్టదు. నేను ఏ సీరియల్ చూసినా ముందు ఇదే చూస్తాను. ఆ పనిమనిషికి ఒక ఇల్లుందా, ఆమెకంటూ ఒక లెక్క ఉందా అని.

అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరితోటల కామందుగారింట్లో మా అమ్మ చాలా ఏళ్ళు పనిచేసింది. నేను మొదట టీవీ చూసింది ఆ ఇంటి వసారాలోనే. కాబట్టి నా కళ్ళు హీరో మీద కంటే వెనకాల చెంబు పట్టుకుని నిలబడ్డ మనిషి మీదకే పోతాయి. ఈ జవాబు అలాంటి చూపుతో రాస్తున్నదే.

రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా ఆదివారం పొద్దున్న దూరదర్శన్‌లో వచ్చింది. మా వీధిలో హిందీ వచ్చినవాళ్ళు లేరు, కానీ కథ తెలియనివాళ్ళూ లేరు. వెదురుగడకి కట్టిన యాంటెన్నా గాలికి తిరిగిపోతే ఎవరో ఒకరు పెరట్లోకి పరిగెత్తి సరిచేసేవారు. కామందుగారి చుట్టాలు కుర్చీల్లో, వీధిలోవాళ్ళు మండువాలో చాపల మీద, పనివాళ్ళ పిల్లలం గుమ్మానికి ఇవతల వసారాలో కూర్చునేవాళ్ళం. అంతమంది వస్తే అందరికీ కాఫీలు కావాలి కదా, అమ్మకి ఆదివారమే పని ఎక్కువ. గ్లాసులు అందిస్తూ, ఖాళీవి నూతి దగ్గర తోముతూ, మధ్యలో గుమ్మం పట్టుకుని నిలబడి ఒక్కో సీను చూసేది.

మంథర వచ్చిన వారం మాత్రం అమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ పాత్ర వేసినావిడ లలితా పవార్. హిందీ సినిమాల్లో దశాబ్దాలు చేసిన నటి. మండువా అంతా మంథరని తిట్టిపోసింది. రాత్రి ఇంటికొచ్చాక అమ్మ అంది: "పుట్టింటోళ్ళు తోడిచ్చి పంపిన మనిషి కదే ఆవిడ. కైకమ్మని ఎత్తుకుని పెంచింది. ఆ పిల్ల బాగుంటే చాలనుకుంది. రాజ్యం సంగతి దానికెందుకు?"

నేను ఇప్పటికీ మంథర గురించి ఇంతకంటే మంచి మాట వినలేదు. అమ్మ చెప్పిందే అసలు విషయం. పెళ్ళికూతురితో పాటు వచ్చిన దాసికి అత్తింట్లో ఉన్నది ఒక్క ఆ పెళ్ళికూతురే. ఆ అమ్మాయి స్థానం పడిపోతే ఈవిడకి వెనక్కి వెళ్ళే దారి కూడా ఉండదు. వాల్మీకి రామాయణంలో తర్వాత ఏం జరుగుతుందో చూడండి. వరాలు అడిగింది కైక, ఇచ్చింది దశరథుడు. భరతుడితో కలిసి తిరిగొచ్చిన శత్రుఘ్నుడు పట్టుకుని నేల మీద ఈడ్చింది మంథరని. ఆడదాన్ని చంపితే రాముడు మన మొహం చూడడని భరతుడు ఆపబట్టి బతికింది. పెద్దవాళ్ళ నిర్ణయానికి దెబ్బలు దాసి తింది. పెద్దిళ్ళలో గొడవలైనప్పుడు మొదట ఎవరి పని పోతుందో మా లంకల్లో, అగ్రహారాల్లో ఎవరినడిగినా చెబుతారు.

ఇక నేను అన్నిటికంటే పైన పెట్టే పాత్ర బి.ఆర్. చోప్రా మహాభారతంలో సైరంధ్రి. 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ దాకా వచ్చిన సీరియల్ అది. ద్రౌపదిగా రూపా గంగూలీ, కీచకుడిగా శరత్ సక్సేనా వేశారు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించడం మనవాళ్ళకి పాత అలవాటు కాబట్టి ఈ కథ చదువురాని ఆడవాళ్ళకి కూడా నోటికొచ్చు. అజ్ఞాతవాసంలో సైరంధ్రి పేరుతో ద్రౌపది విరాటరాజు భార్య సుదేష్ణ దగ్గర పనికి చేరేటప్పుడే షరతులు పెడుతుంది. ఎంగిలి ముట్టను, కాళ్ళు కడగను అంటుంది. పనికి చేరే మనిషి ముందే ఇలా తెగేసి చెప్పడం ఎంత అరుదో పనిచేసినవాళ్ళకి తెలుస్తుంది. అమ్మ టీ తాగే గ్లాసు ఆ ఇంట్లో మిగతా గ్లాసులతో కలిసేది కాదు, పెరట్లో గోడ మీద విడిగా ఉండేది. ఇది నాకొద్దు అని ఆమె ఏనాడూ అనలేకపోయింది.

1989, 90ల్లో అమ్మ ఈ భాగాన్ని కూడా కాఫీ గ్లాసుల మధ్యే ముక్కలు ముక్కలుగా చూసింది. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ రామాయణ, మహాభారతాలని మళ్ళీ వేసినప్పుడు కీచకుడి కథ మొదటి నుంచి చివరి దాకా కదలకుండా చూసింది. చూస్తూ చూస్తూ ఆమెకి కోపం వచ్చింది కీచకుడి మీద కాదు, సుదేష్ణ మీద. తన తమ్ముడి బుద్ధి తెలిసి, సైరంధ్రి వెళ్ళనని బతిమాలుతున్నా, కల్లు తెమ్మని వాడి ఇంటికే పంపుతుంది సుదేష్ణ. "తెలిసే పంపింది" అని అమ్మ రెండు మూడుసార్లు అంది. తర్వాత, ఎప్పుడూ చెప్పనిది, తనతో పాటు పనిచేసిన ఒక అమ్మాయి సంగతి చెప్పింది. ఆ పిల్ల ఉన్నట్టుండి పని మానేసింది. ఎందుకు మానిందో ఆ ఇంటి ఆడవాళ్ళకి తెలుసు. వాళ్ళే ఆ పిల్లని పొగరుబోతు అన్నారు.

సైరంధ్రి పరిగెత్తుకుంటూ వచ్చి నిండు సభలో పడిపోతే కీచకుడు అందరి ముందూ కాలితో తంతాడు. విరాటరాజు చూస్తూ ఊరుకుంటాడు. యజమానికి ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో ఇంతకంటే నిజంగా ఏ సీరియల్లోనూ నేను చూడలేదు. మరి ఇప్పుడు దారి లేదా అంటే, ఉంది. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఇంటి పనివాళ్ళకీ వర్తిస్తుంది. ఇల్లు కూడా పని చోటే అని అందులో ఉంది. ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. మా ఊళ్ళో పనికెళ్ళే ఆడవాళ్ళలో ఈ మాట విన్నవాళ్ళు చాలా తక్కువ, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అదే మహాభారతంలో విదురుడి తల్లిని కూడా తలుచుకోవాలి. అంబిక వ్యాసుడి దగ్గరికి మళ్ళీ వెళ్ళలేక తన బదులు దాసిని పంపింది. ఆ దాసికి పుట్టినవాడే విదురుడు. కొడుకు మంత్రయ్యాడు, నీతికి పేరుపడ్డాడు. వ్యాసుడి కథలో ఆ తల్లికి పేరు కూడా లేదు.

ఇక తెలుగు డైలీ సీరియల్స్. 1995లో ఈటీవీ, జెమినీ మొదలయ్యాక మధ్యాహ్నం పూట టీవీ చూడటం ఇళ్ళల్లో అలవాటైంది. అమ్మగారు సోఫాలో, మా అమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఇద్దరూ ఒకే సీరియల్ చూసి ఒకే కోడలి గురించి బాధపడేవారు. ఆ సీరియల్లో పనిమనిషి గురించి మాత్రం ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు, మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. నన్ను బాగా బాధపెట్టేది ఇంకొకటుంది. ఆ పాత్ర నోట్లో గోదారి యాసో శ్రీకాకుళం యాసో పెట్టి నవ్విస్తారు. యజమానులు మాత్రం ఏ ఊరిదో తెలియని భాష మాట్లాడతారు. మా కోనసీమలో కామందూ పాలేరూ ఇద్దరూ ఒకే యాస మాట్లాడతారు. "ఆయ్, అలాగేనండీ" అన్న మాట లోగిల్లోనూ వినిపిస్తుంది, కొబ్బరి దింపుల దగ్గరా వినిపిస్తుంది.

అమృతంలో సర్వం ఇంటి పనివాడు కాదు, అమృత విలాస్ హోటల్లో సర్వర్. అయినా చెప్పాలి. 2001 నుంచి జెమినీలో వచ్చిన ఆ సీరియల్లో వాసు ఇంటూరి వేసిన సర్వం యజమానులకి ఎదురు మాట్లాడతాడు, కథలో వాళ్ళతో సమానంగా ఉంటాడు. అతన్ని చూసి నవ్వినప్పుడు నాకు నొప్పి కలగలేదు.

పెద్దయ్యాక కాకినాడలో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక సహోద్యోగి చెబితే బ్రిటిష్ సీరియల్ అప్‌స్టెయిర్స్ డౌన్‌స్టెయిర్స్ చూశాను. 1971 నుంచి 1975 దాకా అక్కడి ఐటీవీలో వచ్చింది, మొత్తం 68 భాగాలు. ఆలోచన జీన్ మార్ష్, ఐలీన్ ఆట్‌కిన్స్ అనే ఇద్దరు నటీమణులది. లండన్లో 165 ఈటన్ ప్లేస్ అనే ఇల్లు, పైన బెల్లమీ కుటుంబం, కింద వంటగదిలో పనివాళ్ళు. కథ 1903లో మొదలై 1930 దాకా నడుస్తుంది. ఇందులో కెమెరా తలుపు దాటి కిందికి దిగుతుంది. అక్కడ వాళ్ళకి వాళ్ళ పెద్దరికాలు, అలకలు, ప్రేమలు ఉంటాయి. బట్లర్ హడ్సన్ యజమానుల కంటే కట్టుబాట్లు ఎక్కువ పాటిస్తాడు. మా వైపు పెద్దపాలేరు చిన్న పాలేర్ల మీద అచ్చం అలాగే ఉండేవాడు. జీన్ మార్షే వేసిన రోజ్ పెళ్ళి చేసుకోవాలనుకున్న మనిషి మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోతాడు. ఆ తర్వాత కూడా ఆమె పక్కలు సర్దే పని ఆగదు.

మొదటి భాగంలోనే ఒక సంగతి నన్ను కట్టిపడేసింది. పనికోసం వచ్చిన అమ్మాయి తన పేరు క్లెమెన్స్ అని చెబుతుంది. అది పనిమనిషికి తగ్గ పేరు కాదని ఇంటావిడ ఆమెకి సారా అని పేరు పెడుతుంది. మా అమ్మకీ ఇదే జరిగింది. ఆ కామందుగారి పెద్దకోడలిదీ అమ్మదీ ఒకటే పేరు. కోడలు కాపురానికి వచ్చిన రోజు నుంచి అమ్మని వేరే పేరుతో పిలవడం మొదలుపెట్టారు. వీధిలోవాళ్ళకీ అదే అలవాటైపోయింది. ఇప్పటికీ కొందరు ఆమెని ఆ పెట్టిన పేరుతోనే పిలుస్తారు.

అమ్మకి ఆ సీరియల్ కొన్ని భాగాలు చూపించాను. మాటలకి నేను అర్థం చెబుతుంటే ఆమె చూపంతా వంటగది గోడకి ఉన్న గిన్నెల మీదే ఉంది. "అన్ని గిన్నెలు ఎవరు తోముతారు?" అని అడిగింది. రూబీ అనే పిల్లని చూపించాను. అందరికంటే కింద ఉండే అంట్లపిల్ల, వంటావిడ మిసెస్ బ్రిడ్జెస్ చేత పొద్దస్తమానం తిట్లు తింటుంది. అప్పటినుంచి అమ్మకి రూబీ తప్ప ఇంకెవరూ అక్కర్లేదు. చివరికి హడ్సన్, మిసెస్ బ్రిడ్జెస్ పెళ్ళి చేసుకుని గదులు అద్దెకిచ్చే ఇల్లు నడుపుకోవడానికి వెళ్తూ రూబీనీ తీసుకెళ్తారని చెబితే, "అక్కడా దాని చేతే తోమిస్తారు" అంది. ఆ ముగింపుని సుఖాంతం అంటారు. అమ్మ మాట విన్నాక నాకు అలా అనిపించలేదు.

అమెరికన్ సీరియల్ ది బ్రాడీ బంచ్‌లో ఆలిస్ (ఆన్ బి. డేవిస్ వేశారు) గురించి ఒక్క మాట చెప్తాను. మంచి మనిషి, అందరికీ ఇష్టమైన మనిషి, వంటింటి పక్క గదిలోనే ఉంటుంది. ఆ పిల్లల సమస్యలన్నీ ఆమెకి తెలుసు. ఆమె సమస్యలు ఎప్పుడో ఒక భాగంలో తప్ప మనకి తెలియవు.

ఇంత చూశాక కూడా నాకు కనపడని పాత్ర ఒకటుంది, అది మా ఊరిదే. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు కువైట్, మస్కట్, దోహాలకి ఇంటిపనికి వెళ్ళారు, వెళ్తున్నారు. మా పిన్ని కువైట్లో ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా, పనిచేసింది. పిన్ని కూతురు మా ఇంట్లోనే పెరిగింది. మా వీధిలో చాలా ఇళ్ళకి కలర్ టీవీ వచ్చింది అలా పంపిన డబ్బుతోనే. ఇసిఆర్ పాస్‌పోర్టుతో (పనికి విదేశం వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన రకం) గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. కువైట్ 2015లో చేసిన చట్టంలో రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని ఉంది. ఈ కాగితాలకీ, పిన్ని ఫోన్లో గొంతు తగ్గించి చెప్పిన రోజులకీ మధ్య ఒక సీరియల్‌కి సరిపడా కథ ఉంది. తల్లి ఎవరి పిల్లలకో స్నానాలు చేయిస్తుంటే ఇక్కడ కూతురికి మా అమ్మ జడ వేసేది. ఆ టీవీల్లోనే తెలుగు సీరియల్స్ రోజూ వచ్చాయి, వాటిలో ఈ కథ ఒక్కటీ నాకు కనపడలేదు.

మీరు కొత్తగా మొదలుపెట్టాలనుకుంటే మహాభారతంలో అజ్ఞాతవాసం భాగాలు ముందు చూడండి, సుదేష్ణని జాగ్రత్తగా గమనించండి. తర్వాత అప్‌స్టెయిర్స్ డౌన్‌స్టెయిర్స్ మొదటి భాగం చూడండి. అందులో కొన్ని తొలి భాగాలు అప్పటి సమ్మె వల్ల నలుపు తెలుపులో తీశారు, ప్రింటు పాడైందనుకుని మానేయకండి. మీకు తెలిసిన తెలుగు సీరియల్లో పనిమనిషి సొంత ఇల్లు, సొంత పిల్లలతో సహా కనిపించి ఉంటే కింద రాయండి. అమ్మకి చూపిస్తాను.