పుణ్యం మాట సరే, పని ఎవరు పంచుకుంటారు?

ప్రశ్న: మా అత్తగారికి 74 ఏళ్లు. ఆమెకు అల్జీమర్స్ అని రెండేళ్ల కిందట డాక్టరు తేల్చారు. తిన్న పావుగంటకే వాకిట్లోకి వెళ్లి, కోడలు అన్నం పెట్టలేదని వీధిలో అందరికీ చెబుతారు. మావారు కువైట్‌లో ఉంటారు. ఆడబిడ్డ ఫోన్ చేసినప్పుడల్లా పెద్దల సేవ పుణ్యమంటుందే గాని, వచ్చి నాలుగు రోజులుండదు. ఒక్కోసారి అత్తగారిని కసురుకుని, పాపం చేశానని రాత్రంతా ఏడుస్తున్నాను. లోపం నాలోనే ఉందా?
– ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: లోపం మీలో లేదమ్మా. కొత్త జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగాన్ని ఈ జబ్బు తొలిదశలోనే దెబ్బతీస్తుంది కాబట్టి, తిన్న సంగతి ఆమెకు నిజంగానే గుర్తుండదు. ఆమె అబద్ధమాడడం లేదు. వాదించకుండా, సంగటి ముద్దలో సగం తీసిపెట్టి, మళ్లీ అడిగినప్పుడు పెట్టండి.

మన వైపు దీన్ని చాదస్తమంటారు. ఆ మాటలో జబ్బు కనబడదు; ముసలావిడ మొండితనమో, కోడలి నిర్లక్ష్యమో కనబడుతుంది. పిల్లల పెళ్లి సంబంధాలకు అడ్డమవుతుందని జబ్బును దాచే ఇళ్లూ ఉన్నాయి గాని, దాచినకొద్దీ ఆదుకునేవారు తగ్గిపోతారు. ఇరుగుపొరుగుకు జబ్బు పేరు చెప్పేయండి.

ఇక పుణ్యం సంగతి. సేవను ధర్మమనుకునేవారికి భారం అంతగా తెలియదని చాలామంది అనుకుంటారు. వేర్వేరు జాతుల కుటుంబాలపై జరిగిన అధ్యయనాలను 2010లో సమీక్షించిన అమెరికా మనస్తత్వవేత్తలు బాబ్ నైట్, ఫిలిప్ సయేగ్‌లకు అలా కనబడలేదు. భారం ఎవరికైనా భారమే. అందే సాయంలోనూ, కష్టాన్ని ఎదుర్కొనే తీరులోనూ మాత్రమే సంస్కృతి ప్రభావం ఎక్కువగా కనబడుతుందని వారు తేల్చారు. తలరాత అనుకోవడం కూడా అంతే: నయం కాని జబ్బని ఒప్పుకోవడానికి తోడ్పడితే మంచిదే, సాయం అడగనివ్వకపోతే చేటు. దేవుని కడపలో మొక్కు తీర్చుకున్నా, దర్గాలో తాయెత్తు కట్టించినా నాకు అభ్యంతరం లేదు. మాత్రలు మాత్రం ఆపవద్దు.

ఆడబిడ్డ నెలకో వారం వచ్చి ఉండాలన్న మాట మీరు అడగకండి, మీవారి చేత అడిగించండి. మన ఇళ్లలో కోడలు అడిగితే అది ఫిర్యాదు అవుతుంది, అన్న అడిగితే బాధ్యత అవుతుంది. కోపం ముంచుకొచ్చినప్పుడు, అత్తగారు పడిపోయే ప్రమాదం లేదని చూసుకుని, పది నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి. అది పాపం కాదు. నిద్ర లేకుండా, ఏడుపు ఆగకుండా రోజులు గడుస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రివేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.