దిగితే మళ్లీ ఎక్కాలి

ప్రశ్న: మా అబ్బాయి సియాటెల్‌లో ఉంటాడు. ఆగస్టులో మేమిద్దరం వెళ్తున్నాం. ఒక ఆదివారం స్నో లేక్ అనే కొండల్లోని సరస్సుకి తీసుకెళ్తానని, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చని అంటున్నాడు. నాకు 57, మావారికి 63. రోజూ గంట నడుస్తాం. ఆయనకి కొంచెం మోకాలి నొప్పి ఉంది. వెళ్లగలమా? అక్కడ హిమనదం కనిపిస్తుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: మా అమ్మాయి కూడా నాకు ఇలాగే చెప్పింది. "రానూ పోనూ ఏడు మైళ్లమ్మా, అంతే" అంది. నేను మైళ్లు విన్నాను గానీ ఎత్తు అడగలేదు. దూరం మొత్తం సుమారు 7.2 మైళ్లు, అంటే పదకొండున్నర కిలోమీటర్లు. ఎక్కేది 1,800 అడుగులు. పదడుగులకో అంతస్తు లెక్కన 180 అంతస్తులు మెట్లెక్కడం అన్నమాట. మీరు రోజూ నడిచే గంటకీ దీనికీ పోలిక లేదు.

హిమనదం ఇప్పుడక్కడ కనిపించదు, అది చేసిన పనే కనిపిస్తుంది. మంచుయుగంలో మంచు కొండని గరిటెతో తోడినట్టు తోడేసి, గిన్నెలాంటి గుంట మిగిల్చింది. ఆ గుంటలో నిలిచిన నీళ్లే ఈ సరస్సు. ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్ అని 1976లో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఆ అడవిలో సరస్సులూ కుంటలూ కలిపి ఏడు వందలకు పైనే ఉన్నాయి.

మీకు కావాల్సిన విషయం ఆ గిన్నెలోనే ఉంది. లోపలికి వెళ్లాలంటే ముందు దాని అంచు ఎక్కాలి కదా? స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ దగ్గర కారు దిగాక మొదట్లో అడవి, రాళ్లగుట్టలు, చెక్క మెట్లు, బాగానే ఉంటుంది. ఆ తర్వాత మలుపులు మలుపులుగా సముద్రమట్టానికి 4,400 అడుగుల ఎత్తులో ఉన్న గట్టు దాకా, అంటే ఆ గిన్నె అంచు దాకా ఎక్కుడే. సరస్సు గట్టుకి అవతల, దాదాపు 400 అడుగుల కింద ఉంటుంది. నేను ఆ నీలిరంగు చూసి ఉత్సాహంగా దిగిపోయాను. భోజనం చేసి, నీళ్లలో కాళ్లు పెట్టి "అబ్బ, చలి!" అని అరిచి, గంట కూర్చున్నాక అర్థమైంది, ఇంటికి వెళ్లాలంటే ముందు పైకెక్కాలని. అలిసిపోయిన కాళ్లతో ఆ 400 అడుగులూ నాకు మిగతా దారంతటికంటే ఎక్కువనిపించాయి. మా అమ్మాయి మాత్రం వెనక్కి తిరిగి ఫోటోలు తీస్తోంది. గట్టు మీదికి చేరాక కూడా అయిపోలేదు, అక్కడి నుంచి కారు దాకా దిగుడు. మోకాళ్లకి అసలు పరీక్ష అక్కడే.

కాబట్టి మీవారితో గట్టు దాకానే అనుకుని బయల్దేరండి. గట్టు దాటి నాలుగడుగులు వేస్తే సరస్సు కనిపిస్తుంది. అక్కడే కూర్చుని తినొచ్చు. ఇంకా ఓపికుంటే మీరూ అబ్బాయీ దిగి రండి. మోకాలు అసలే మాట వినకపోతే దగ్గర్లోనే ఫ్రాంక్లిన్ ఫాల్స్ ఉంది, రానూ పోనూ రెండు మైళ్లే. ఆ జలపాతం దగ్గర ఆయన మీకంటే సంతోషంగా ఉండొచ్చు కూడా. ఎటు వెళ్లినా ఆయనకి రెండు చేతికర్రలు కొనమనండి. నేను మొహమాటపడి తీసుకెళ్లలేదు, ఆ తప్పు ఇప్పటికీ మోకాళ్లు గుర్తుచేస్తాయి.

ఆగస్టు మంచి నెలే. నేను జూన్‌లో వెళితే దారిలో ఇంకా మంచు ఉంది, స్పోర్ట్స్ షూలు జారిపోయాయి. అయినా ఒక స్వెటర్ పెట్టుకోండి, గట్టు మీద గాలి కొడుతుంది. సరస్సు నీళ్లు ఎంత తేటగా ఉన్నా వడకట్టే ఫిల్టర్ లేకుండా తాగొద్దు.

మీ అబ్బాయికి ఒక మాట. అక్కడ కారు ఆపడానికి నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కావాలి, రోజుకి 5 డాలర్లు. స్టేట్ పార్కులకి కొనే డిస్కవర్ పాస్ అక్కడ చెల్లదు. మేము అదే అద్దానికి తగిలించి ధీమాగా వెళ్లాం, తిరిగొచ్చేసరికి వైపర్ కింద చీటీ ఉంది. ఇంకొకటి, ఆదివారం వద్దనండి. సియాటెల్ సగం అక్కడే ఉంటుంది, ఎనిమిది దాటితే కారు ఆపే చోటు దొరకడమే టెన్షన్. మీకోసం ఒక బుధవారం సెలవు పెట్టమనండి.