డబ్బా మీది వాట్లు నమ్మొచ్చా?

ప్రశ్న: హోమ్ థియేటర్‌కు 5.1 స్పీకర్లు (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) కొన్నాం. ఇంపిడెన్స్, అంటే కరెంటుకు అవి ఇచ్చే నిరోధం, 8 ఓమ్‌లు, సెన్సిటివిటీ 88 డెసిబెల్స్. వాటిని నడిపే యాంప్లిఫయర్ పెట్టె, అదే రిసీవర్, దగ్గర ఆగిపోయాం. ఒకదాని మీద చానెల్‌కు, అంటే ఒక్కో స్పీకర్‌కు, 150 వాట్లని, ఇంకోదాని మీద 80 వాట్లని ఉంది. 150దే తీసుకోమంటారా? వైఫైకి కలిపితే ప్రమాదమా?

జవాబు: వాట్ల గురించి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. తప్పు అడిగేవాళ్లది కాదు, ఆ అంకెను డబ్బా మీద అంత లావుగా అచ్చేసేవాళ్లది. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే వరస చదవండి. '6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్ (శబ్దం చెడిపోవడం), ఒక చానెల్' అని ఉంటే, ఒక్క చానెల్‌నే, ఒకే స్వరంతో, శబ్దం బాగా చెడేదాకా నడిపి తీసిన లెక్క అది. '8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 0.08 శాతం డిస్టార్షన్, రెండు చానెళ్లు' అని ఉంటే, మనిషి చెవికి వినిపించే స్వరాలన్నిటితో, శబ్దం చెడకుండా తీసిన లెక్క; ఆ 80 నికరమైన 80. ఐదు చానెళ్లూ ఒకేసారి గట్టిగా మోగితే అదీ తగ్గుతుంది, అన్నిటికీ పవర్ సప్లై ఒక్కటే కదా. ఈ అంకెల గారడీని అదుపు చేయడానికి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నిబంధన తెచ్చింది. అయినా గారడీ ఆగలేదు.

మీ స్పీకర్లు ఒక్క వాటుకే మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇస్తాయి. వాట్లు రెట్టింపైన ప్రతిసారీ పెరిగేది 3 డెసిబెల్సే. అంటే 16 వాట్లకే 100 డెసిబెల్స్‌కు, చాలా గట్టి శబ్దానికి, చేరతారు. 80 వాట్లదాని మీద పైన చెప్పిన రెండో రకం వరస ఉంటే అదే తీసుకోండి. 4 ఓమ్‌ల స్పీకర్లయితే ప్రీ అవుట్లు (బయటి యాంప్లిఫయర్‌కు సిగ్నల్ పంపే సాకెట్లు) ఉన్న రిసీవర్, విడిగా ఓ పవర్ యాంప్లిఫయర్ చూడమనేవాణ్ని.

నన్ను కలవరపెట్టేది మీ రెండో ప్రశ్న, వైఫైది. ఈమధ్య స్నేహితుడి ఇంట్లో ఫోన్ బ్రౌజర్‌లో రిసీవర్ ఐపీ అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని చిరునామా) కొట్టాను. పాస్‌వర్డ్ అడగకుండానే వాల్యూమ్, ఇన్‌పుట్, నెట్‌వర్క్ సెట్టింగులు అన్నీ తెరుచుకున్నాయి. ఎవరో సౌండ్ పెంచుతారని కాదు నా భయం. రిసీవర్ పదేళ్లయినా పనిచేస్తుంది, అప్‌డేట్లు చాలా ముందే ఆగిపోతాయి. ఆ తర్వాత బయటపడ్డ లోపం అలాగే ఉండిపోతుంది. దాన్ని పట్టుకుని లోపలికొచ్చినవాడు, మీరు బ్యాంకు పనులు చేసుకునే ల్యాప్‌టాప్ ఉన్న నెట్‌వర్క్‌లోనే కూర్చుంటాడు.

అందుకే రిసీవర్‌ను నెట్‌కు కలపకండి. సినిమాలు టీవీలో పెట్టి, టీవీ శబ్దాన్ని రిసీవర్‌కు పంపే ఈఆర్క్ సదుపాయం రెండింటిలోనూ ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టులను కేబుల్‌తో కలపండి. అప్‌డేట్ పెన్‌డ్రైవ్‌తో వేయొచ్చేమో కొనేముందే చూడండి. కలపక తప్పదంటే గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథులకని రౌటర్ విడిగా ఇచ్చే నెట్‌వర్క్) పెట్టండి, రౌటర్‌లో యూపీఎన్‌పీ (వస్తువులు అడగకుండానే బయటికి దారి తెరిపించుకునే పద్ధతి) ఆపేయండి, బయటినుంచి లోపలికి మనమే దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ జోలికి వెళ్లొద్దు. అప్పుడు రిసీవర్‌ను నడిపే ఫోన్ యాప్ పనిచేయకపోవచ్చు, రిమోట్ ఉందిగా.

నెట్‌కు కలిపే వస్తువులకు సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో చెప్పితీరాలని బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి చట్టం అమల్లో ఉంది. వాట్లు వేసినంత లావుగా ఆ తేదీని కూడా డబ్బా మీద వేయాలి. వేసేదాకా, కొనేముందు ఆ తేదీ అడగండి. చెప్పలేకపోతే వేరేది చూసుకోండి.