యూనిట్స్ మార్చినా ఆటోక్యాడ్‌లో గది కొలత మారదేం?

ఇంటి ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో పదడుగుల గదికి డైమెన్షన్ (కొలత) 120 అని వస్తోంది, యూనిట్స్‌లో మిల్లీమీటర్లు పెట్టినా అదే 120, పైగా బాగా జూమ్ చేస్తే తప్ప అంకె కనపడట్లేదు. ఇదే కదా మీ ఇబ్బంది?

ముందు టెన్షన్ తీసేయండి, మీ 120 తప్పు కాదు. పదడుగులంటే 120 అంగుళాలే. ఆటోక్యాడ్ దాచుకునేది ఉత్త అంకెనే, అది అంగుళమా మిల్లీమీటరా అన్నది మనం అనుకునే మాట. మీరు మార్చింది ఇన్సర్షన్ స్కేల్. వేరే ఫైలునో బ్లాకునో (ముందే గీసిపెట్టుకున్న బొమ్మ) తెచ్చి పెట్టేటప్పుడు దాన్ని ఎంత పెంచాలో తగ్గించాలో చెప్పడానికే అది. గీసేసిన గోడల జోలికి రాదు.

అడుగులు, అంగుళాల్లో కావాలంటే యూనిట్స్‌లో టైప్‌ను ఆర్కిటెక్చరల్ చేయండి. ఇక్కడ ఒక యూనిట్ అంటే ఒక అంగుళం. అప్పుడు 10 అని కొడితే పదంగుళాలే గీస్తుంది, అడుగులకు 10' అని కొట్టాలి. పదడుగుల ఆరంగుళాలకు 10'6 చాలు. మధ్యలో స్పేస్ ఇవ్వకండి, దానికి స్పేస్ అంటే ఎంటరే. ఇంత చేసినా డైమెన్షన్ 120 అనే చూపిస్తుంది. దాని లెక్క వేరు: డైమెన్షన్ల రూపం మార్చే డిమ్‌స్టైల్ కమాండ్‌లో ప్రైమరీ యూనిట్స్ ట్యాబ్‌కు వెళ్లి అక్కడా ఆర్కిటెక్చరల్ పెట్టాలి.

అక్షరాలు చిన్నవైతే అదే డిమ్‌స్టైల్‌లో ఫిట్ ట్యాబ్‌లోని ఓవరాల్ స్కేల్ చూడండి. పావు అంగుళం ఒక అడుగు స్కేలులో ప్రింట్ తీస్తే 48, అరపావు అంగుళమైతే 96. మిల్లీమీటర్ల డ్రాయింగ్‌కు 1:100 అయితే 100.

ఇక నేను తిన్న దెబ్బ చెబుతాను. గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న ఆఫీసులో డ్రాఫ్టింగ్ నేర్చుకుంటున్న రోజులవి. విజయవాడ గుణదలలో 150 గజాల స్థలం, 30 అడుగుల వెడల్పు, 45 లోతు. నా చేతికొచ్చిన ఫైలు మిల్లీమీటర్లలో గీసింది. డైమెన్షన్లు ఆర్కిటెక్చరల్ చేయగానే పదడుగుల గది 254 అడుగులైంది! గదిలో ఉన్నవి 3048 యూనిట్లు, వాటిని అంగుళాలనుకుని 12తో భాగించింది మరి. నేనేమో తెలివి మీరి ఒక్కో డైమెన్షన్ మీద డబుల్ క్లిక్ చేసి 10'-0", 7'-6" అని చేత్తో టైపు చేసేశాను. చూడ్డానికి అద్భుతంగా ఉంది.

తర్వాత సెట్‌బ్యాక్ (స్థలం అంచు నుంచి వదలాల్సిన ఖాళీ) కోసం మెట్ల గది గోడ ఆరంగుళాలు లోపలికి జరిపాం. గోడ జరిగింది, ఖాళీ కొలత ఆరంగుళాలు పెరిగింది, నేను రాసిన 7'-6" మాత్రం జరగలేదు. ముగ్గు పోసే రోజు మేస్త్రీ ఫోన్ చేశాడు. "బాబూ, అడ్డం కొలతలన్నీ కూడితే ముప్పైన్నర అడుగులొస్తోంది. స్థలం ముప్పయ్యే కదా?" కాగితం మీద పెన్సిల్‌తో కూడి చూసిన ఆ మనిషి లేకపోతే పునాది గుంటలు తప్పు చోట పడేవి.

అప్పుడు చేయాల్సిన పని రెండు నిమిషాలది. అంతా సెలెక్ట్ చేసి స్కేల్ కమాండ్, బేస్ పాయింట్ 0,0, తర్వాత రిఫరెన్స్‌కు ఆర్, పాత పొడవు 25.4, కొత్తది 1. మిల్లీమీటర్లు అంగుళాలైపోతాయి. డిమ్‌స్టైల్‌లో మెజర్‌మెంట్ స్కేల్ 0.03937 పెట్టి సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. నాకది నచ్చదు. డైమెన్షన్ సరిగ్గా కనిపిస్తుంది కానీ దూరం కొలిచే డిస్ట్ కమాండ్ కొట్టినా ఏరియా కొట్టినా పాత అంకెలే వస్తాయి, ఆ ఫైలు తీసుకున్న తర్వాతి మనిషి బుర్ర పాడవుతుంది.

మీ ఫైలులో ఇప్పుడే ఒక పదడుగుల గోడకు డిస్ట్ కొట్టి చూడండి. 120 గాని 10'-0" గాని వస్తే గీత బాగానే ఉంది, డిమ్‌స్టైల్ ఒక్కటే సరిచేసుకోండి. ఇంకొకటి, ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ 2017లో సెట్‌బ్యాక్‌లన్నీ మీటర్లలోనే ఉంటాయి. అందుకే అనుమతికి పెట్టే ప్లాన్ నేను మీటర్లలో వేరే ఫైలుగా ఉంచుకుంటాను, మేస్త్రీకిచ్చేది అడుగుల్లో.