పురి ఎవరికి ఉంది?

సందేహం: మా టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి వచ్చే గూడకొంగలు ‘పురి విప్పి ఆడపక్షులను ఆకట్టుకుంటున్నాయి’ అని ఒక పత్రికలో చదివాను. కొంగకు పురి ఉంటుందా? మగపక్షులు ఒకచోట చేరి ఆడపక్షి ముందు సొగసులు పోవడానికి తెలుగులో మాట ఏది?
– ఒక పాఠకుడు, టెక్కలి

సమాధానం: గూడకొంగకు వెడల్పాటి రెక్కలున్నాయి, ముక్కు కింద సంచి ఉంది, పురి మాత్రం లేదు. ఆ వార్త రాసినవారు తేలినీలాపురం చెట్ల కింద ఒక పూట నిలబడి ఉంటే ఆ మాట వాడి ఉండేవారు కాదు.

పురి అంటే మెలి. పొందూరులో రాట్నం ముందు కూర్చున్న తల్లిని అడిగితే, పురి చాలని నూలు తెగిపోతుందనీ, పురి మితిమీరిన నూలు ముడుచుకుపోతుందనీ నోటితో చెప్పే ముందే వేళ్లతో చూపిస్తుంది. గడ్డిని మెలిపెట్టి పేనిన తాడును చుట్లుచుట్లుగా పేర్చి, లోపల ధాన్యం పోసి నిలిపే కట్టడాన్ని కూడా రైతులు పురి అనే అంటారు. తమిళంలోనూ మెలికి ఇదే మాట. ఇక నెమలి సంగతి: ముడిచినప్పుడు వెనుక ఈడ్చుకుంటూ పోయే ఆ నిడుపాటి ఈకల కట్ట పేనిన మోకులా కనబడుతుంది గనుకనే దానికి పురి అనే పేరు వచ్చిందనీ, ‘విప్పు’ అనే క్రియ అందువల్లనే దానికి అంత చక్కగా అతికిందనీ నా ఊహ. ఈ మూడు పురులూ ఒకే మెలి నుంచి వచ్చినవనే వైపే నా మొగ్గు. కాదనేవారితో తగవు లేదు. నగరమనే పురి సంస్కృతం, దానితో ఇక్కడ పనిలేదు.

పురిని ‘తోక’ అని రాసేవారి మీద నాకు మరికొంత కోపం. నెమలి అసలు తోక పురి వెనుక దాగిన 20 పొట్టి ఈకలు మాత్రమే. తోక మొదట్లో వీపు మీద మొలిచిన 150కి పైబడిన పొడుగు ఈకలను లేపి నిలబెట్టడం వాటి పని. వానకాలం ముగిసేసరికి పురి రాలిపోయి మళ్లీ మొలుస్తుంది, తోక ఉండనే ఉంటుంది. రెంటికీ వేరు మాటలు పెట్టుకున్న భాషలో రెంటినీ కలిపేయడం దేనికి? ఆడనెమలి పురి విప్పిందని రాసేవారూ ఉన్నారు. లేనిదాన్ని అది ఎలా విప్పుతుందో వారే చెప్పాలి.

మీ రెండో ప్రశ్నకు ‘స్వయంవరం’ అనవచ్చు. మగనెమళ్లు దగ్గరదగ్గరగా తలా ఒక జాగా పట్టుకుని పురి విప్పి, ఈకలు గలగలలాడిస్తూ నిలబడతాయి. ఆడనెమలి ఒక్కొక్కదాని ముందుకూ వెళ్లి చూసి ఎంచుకుంటుంది. సంస్కృతంలో వరమంటే ఎంపికే గనుక మాట అంతవరకు సరిపోతుంది. కాపురం మాత్రం వెతకకండి: జతకూడిన తరువాత గుడ్లూ పిల్లలూ తల్లి వంతే. ఈమధ్య పుట్టిన ‘ప్రణయ ప్రదర్శన క్షేత్రం’ కన్నా ఇదే నయం.

‘ఆశలు పురి విప్పాయి’ అంటే అలంకారంగా ఒప్పుకుంటాను. కొంగకు కూడా జనం అలాగే అలవాటు పడితే, పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వారి జిల్లాలో ఉంటూ వాడుకను కాదనడానికి నాకు నోరు రాదు. అయితే ఇంకా ఆ రోజు రాలేదు. గిజిగాడు సగం అల్లిన గూటికి వేలాడుతూ ఆడపిట్టను పిలిచేటప్పుడు ‘రెక్కలు అల్లారుస్తోంది’ అంటాము. ప్రస్తుతానికి కొంగకూ రెక్కలతోనే సరిపెట్టండి.