కొలతలో తగ్గితే ఒకటి, లేబుల్‌లో బొంకితే ఒకటి

ప్రశ్న: అమెరికాలో 4×4 అని అమ్మిన కలప కొలిస్తే 3.5 అంగుళాలే ఉందని మెనార్డ్స్ అనే ఇంటి సామగ్రి దుకాణాల సంస్థ మీద వేసిన కేసు కొట్టేశారు. ఫ్లోరింగ్ (నేలకు పరిచే పలకలు) కొన్నవాళ్లకు మాత్రం అవి అమ్మిన లంబర్ లిక్విడేటర్స్ సంస్థ నుంచి డబ్బు వచ్చింది. ఎందుకీ తేడా?

జవాబు: 4×4 అన్నది పచ్చి కలపను కోసినప్పటి కొలత. అది ఆరి, నాలుగు వైపులా చిత్రిక పట్టాక 3.5×3.5 అంగుళాలకు వస్తుంది. అడ్డుకోతలో 16 చదరపు అంగుళాలకు బదులు 12.25 అన్నమాట. దాదాపు పావు వంతు తక్కువ, ఒళ్లు మండటం సహజమే. కానీ ఈ కొలతలు అమెరికా వాణిజ్య శాఖ పీఎస్ 20 ప్రమాణంలో ఉన్నవే. ఆ లేబుల్ చూసి మామూలు కొనుగోలుదారు మోసపోతాడన్న వాదన 2017లో జడ్జి ముందు నిలవలేదు. అంకెల పక్కన అంగుళాల గుర్తు లేకపోవడమూ దుకాణానికే కలిసొచ్చింది.

ఫ్లోరింగ్ సంగతి వేరు. చైనాలో తయారైన ఆ లామినేట్ పలకలు ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువుకు కాలిఫోర్నియా పెట్టిన పరిమితికి లోబడే ఉన్నాయని లేబుల్ చెప్పింది. టేపుతో కలపను కొలవచ్చు గానీ, పలకలోంచి వచ్చే ఆవిరిని కొనేవాడు ఎలా కొలుస్తాడు? లేబుల్‌ను నమ్మడం తప్ప దారి లేదు. ఆ వాయువు పరిమితి మించిందన్న ఆరోపణతో 2015లో టీవీలో బయటపడ్డ ఈ వివాదం 2018లో 3.6 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. అందులో 1.4 కోట్లు మళ్లీ అదే దుకాణంలో వాడుకోవాల్సిన వోచర్లే లెండి!

ప్రశ్న: ‘పదేళ్లు చెక్కుచెదరదు’ అన్న డెక్ (ఇంటి బయటి చెక్క అరుగు) కోటింగ్ రెండో ఏడే పెచ్చులూడింది. చెక్కను సరిగా సిద్ధం చేయలేదని కంపెనీ అంటోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు గీకడం ఆపండి. కనీసం ఒక మూల అలాగే ఉంచి, వచ్చి చూసుకోమని కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. ఊడిన పెచ్చుల్ని కవర్లో దాచండి, అసలు సాక్ష్యం వాటి వెనక వైపే ఉంటుంది. చెక్క పీచు అంటుకుని వస్తే పాత చెక్క పైపొర బలహీనంగా ఉందని, అంటే సిద్ధం చేయడంలో లోపమని కంపెనీ వాదిస్తుంది. వెనక శుభ్రంగా ఉంటే అంటుకోనేలేదని అర్థం. దానికి తేమ కారణమా, సరుకు కారణమా అన్నది స్వతంత్ర పరీక్షలో తేలాలి. రెండు పూతల మధ్య విడిపోతే పూతకీ పూతకీ ఇచ్చిన వ్యవధి చూడాలి.

బిల్లుతో పాటు డబ్బా మీది బ్యాచ్ నంబరు, అప్పటి ప్రకటన, సాంకేతిక పత్రం భద్రపరచండి. పరిమాణం లెక్క సరిచూసుకోండి. లీటరుకు 10 చదరపు మీటర్లని రాసి ఉంటే, 40 చదరపు మీటర్లకు రెండు పూతలు వేయడానికి 8 లీటర్లు కావాలి. బిల్లులో 5 కనిపిస్తే అవతలి లాయరుకు అదే చాలు.

‘సాటిలేనిది’ వంటి పొగడ్తను కోర్టులు పట్టించుకోవు. ‘పదేళ్లు’ అన్నది మాత్రం తేల్చదగిన మాట. వారంటీ చిన్న అక్షరాల్లో కూలి ఖర్చు మినహాయించారేమో చదవండి. డబ్బా ధర వాపసిస్తామంటూ చెక్కు పంపితే, ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న వాక్యం ఉందేమో చూడకుండా సంతకం పెట్టకండి.