గ్రైండర్ కొన్న మా అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో 6 అంగుళాల బెంచ్ గ్రైండర్, అదే మోటారుకి సానరాయి వీల్ బిగించిన మిషన్, కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వంటింటి కత్తులన్నీ నువ్వే సాన పడతావట, అరిగిన డ్రిల్ బిట్లు కూడా పారేయనివ్వకుండా నువ్వే పదును పెడతావట. ఆవిడ గొంతు నిండా కంగారు. నాకు మాత్రం ముందు సంతోషమే వేసింది, మన ఇంట్లో మగపిల్లలు ఒక్కడు కూడా ఆ పని నేర్పమని నన్ను అడగలేదు. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. వాయిస్ మెసేజ్ పెడితే సగంలో ఆపేస్తావని తెలుసు, అందుకే రాస్తున్నాను. పూర్తిగా చదువు.

మొదటి మాట. వంటింటి కత్తి ఒక్కటి కూడా ఆ గ్రైండర్‌కి ఆనించకు. ఆ సైజు వీల్ నిమిషానికి 2,800 చుట్లు పైనే తిరుగుతుంది, దాని అంచు వేగం గంటకి 80 కిలోమీటర్లు. పల్చటి కత్తి అంచు దానికి తగిలితే చూస్తుండగానే నీలం రంగు తిరుగుతుంది. నీలం వచ్చిందంటే ఉక్కు 300 డిగ్రీల దాకా వేడెక్కి టెంపర్, అంటే దాని గట్టిదనం, పోయిందన్నమాట. పైకి తళతళలాడుతుంది కానీ నాలుగు ఉల్లిపాయలు కోసేసరికి మళ్ళీ మొద్దుబారుతుంది. మన వీధిలోకి సైకిల్ మీద వచ్చే సానపట్టే అతని చక్రం వేరు, కాలితో తొక్కేది కాబట్టి వేగం ఆయన చేతిలో ఉన్నట్టే.

కత్తులకి రాయి చాలు. గంటస్తంభం బజార్లో హార్డ్‌వేర్ షాపులో అడుగు, ఒక వైపు గరుకు, ఒక వైపు నున్నగా ఉండే కార్బొరండం రాయి ఇస్తారు. నీళ్ళో నూనో మొదటే ఏదో ఒకటి అనుకో, నూనె తాగిన రాయికి తర్వాత నీళ్ళు పట్టవు. రాయి జారకుండా కింద తడిగుడ్డ వెయ్యి. కోణం దగ్గరే అందరూ తప్పుతారు. అంగుళంన్నర వెడల్పున్న కత్తికి వెన్ను అర అంగుళం ఎత్తితే దాదాపు 20 డిగ్రీలు వస్తుంది, మొదటి నుంచి చివరి దాకా ఆ ఎత్తు మారకూడదు, నొక్కాల్సిన పని లేదు. ఒక వైపు అలా రుద్దుతూ ఉంటే అవతలి వైపు అంచు మీద సన్నటి గరుకు లేస్తుంది, దాన్నే బర్ అంటాం. కంటికి సరిగ్గా ఆనదు. బొటనవేలిని వెన్ను వైపు నుంచి అంచు బయటికి మెల్లగా జార్చి చూడు, చర్మానికి గీసుకున్నట్టు తెలుస్తుంది. వేలు అడ్డంగానే పోవాలి, అంచు వెంబడి ఎప్పుడూ జార్చకు. మొన నుంచి పిడి దాకా బర్ వచ్చిందంటే ఆ వైపు పని అయినట్టే, తిప్పి రెండో వైపు పట్టు. చివర్లో నున్నటి వైపు తేలిగ్గా నాలుగుసార్లు లాగి, పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగితే ఆ బర్ ఊడిపోతుంది. టమాటా తొక్క నొక్కకుండానే తెగాలి.

మీ అమ్మ పనసపొట్టు కొట్టే పెద్ద కత్తికి మాత్రం ఇంత సన్నటి అంచు పెట్టకు. అది కోసే కత్తి కాదు, కొట్టే కత్తి, 25 డిగ్రీలు ఉంచు, లేకపోతే ఆ దెబ్బలకి అంచు మడతపడిపోతుంది. సాన పట్టే ముందు పనసపాల జిగురు నూనెతో తుడిచెయ్యి, లేకపోతే రాయి మూసుకుపోతుంది. కత్తిపీట అయితే కత్తిని రాయి మీద పెట్టలేం, రాయినే కత్తి దగ్గరికి తీసుకెళ్ళాలి. పిల్లలెవరూ ఇంట్లో లేనప్పుడు ఆ పని పెట్టుకో.

ఇక డ్రిల్ బిట్లు. వాటికి గ్రైండర్ కావాలి, కాదనను.

మీ నాన్న కుడి చూపుడు వేలు చూశావు కదా, గోరు సగమే వస్తుంది. ఎప్పుడడిగినా ఎలక కొరికిందంటాడు. ఆ మిషన్ పేరెత్తితేనే లేచి వెళ్ళిపోతాడు, అందుకే ఇది నీకు చెప్పాల్సింది నేనే. మేమిద్దరం ఒకే జూట్ మిల్లు వర్క్‌షాప్‌లో ఉండేవాళ్ళం. షిఫ్ట్ మారే వేళకి ఒక మగ్గం ఆగిపోయింది. పైనుంచి ఒకటే తొందర పెడుతున్నారు, చేతిలో ఉన్న 5 మిల్లీమీటర్ల బిట్ మొద్దుబారిపోయింది. గ్రైండర్ దగ్గరికి పరిగెత్తాడు. ఆ వీల్ అప్పటికే బాగా అరిగి ఉంది, పదును పెట్టేదాన్ని ఆనించడానికి ముందుండే టూల్ రెస్ట్‌ని ఎవరూ దగ్గరికి జరపలేదు, వీల్‌కీ రెస్ట్‌కీ మధ్య వేలు పట్టేంత సందు. అది 3 మిల్లీమీటర్లు దాటకూడదు, కొలిచి పెట్టుకో. తొందర కొద్దీ గట్టిగా నొక్కాడు, నొక్కితే బిట్ కాలింది, కాలిందని చేతికి కాటన్ వేస్ట్, అదే మిషన్లు తుడిచే నూలు పోగుల గుడ్డ, చుట్టుకున్నాడు. ఆగి నీళ్ళలో ముంచుకుని ఉంటే సరిపోయేది. ఆ వేస్ట్ పోగు ఒకటి వీల్‌కి అందింది. పోగు వెంట గుడ్డ, గుడ్డ వెంట బిట్, బిట్ వెంట వేలు, అన్నీ ఆ సందులోకి పోయాయి. పక్క లేత్ మీద నేనున్నాను, అరుపు విని స్విచ్ కొట్టాను. అమ్మలూ, స్విచ్ కొట్టినా వీల్ వెంటనే ఆగదు. తిరుగుతూనే ఉంటుంది. ఆ కాసేపూ వాడి మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. కట్టు విప్పాక డ్యూటీకి వచ్చిన రోజు వాడు ఎవరితోనూ మాట్లాడలేదు, స్పానర్ తీసుకుని ముందు ఆ రెస్ట్ బిగించాడు.

అందుకే చెప్తున్నాను, గ్రైండర్ ముందు చున్నీ వద్దు. జడ ముడి వేసుకో, గాజులు తీసెయ్యి. గ్లౌజులు వేసుకుంటే చేతులకి మంచిదని ఎవరో ఒకరు చెప్తారు, వినకు, ఆ వీల్ దగ్గర గ్లౌజు కూడా గుడ్డే. కళ్ళద్దాలు ఉన్నాయి కదా అనుకోకు, పక్కలు మూసి ఉండే గాగుల్స్ పెట్టుకో. ఇవన్నీ విని విసుక్కుంటావని తెలుసు, విసుక్కో, కానీ చెయ్యి.

మామూలు బిట్ కొన కోణం 118 డిగ్రీలు. గేజ్ కొనక్కర్లేదు, రెండు ఆరు పలకల నట్లు పక్కపక్కన ఆనించి పెడితే మధ్యలో వచ్చే సందు 120, బిట్ కొన అందులో కూర్చుంటే చాలు. రెండు కోత అంచులూ ఒకే పొడవు ఉండాలి, వాటి వెనక భాగం కొద్దిగా దిగి ఉండాలి, లేకపోతే బిట్ రుద్దుకుంటుందే తప్ప కొయ్యదు. చేత్తో పట్టుకోలేనంత వేడి రాకముందే నీళ్ళలో ముంచుతూ ఉండు. పొరపాటున రంగు మారేంత కాలిందా, అప్పుడు మాత్రం ముంచకు, చిట్లుతుంది, గాలికే చల్లారనివ్వు. తర్వాత ఒక పాత ఇనప పట్టీకి కన్నం వేసి చూడు. రెండు గాడుల్లోంచీ సమానంగా చుట్టలు చుట్టుకుంటూ పొట్టు వస్తే బాగా పట్టినట్టు. ఒక వైపు నుంచే వస్తే ఒక అంచు పొడవైందని అర్థం, కన్నం కూడా పెద్దదవుతుంది. గోడకి వాడే బిట్ల జోలికి పోకు, వాటి కొనకున్న కార్బైడ్ అనే బాగా గట్టి ముక్కని ఆ బూడిదరంగు వీల్ కొయ్యలేదు, దానికి ఆకుపచ్చ వీల్ కావాలి. అల్యూమినియం, ఇత్తడి కూడా పెట్టకు, వీల్ పూడుకుపోతుంది.

నాకు ఎక్కువ టెన్షన్ ఆ పాత వీల్ గురించే. ఎవరు కింద పడేశారో, ఎక్కడ పగులుందో నీకూ తెలియదు నాకూ తెలియదు. వీల్ విప్పాలి, ఎడమ వైపు నట్టు ఎదురు తిప్పితేనే ఊడుతుంది. బొక్కలో వేలు పెట్టి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో తట్టితే ఖంగుమనాలి. పగిలిన కుండ చప్పుడు వస్తే దాన్ని సుత్తితో ముక్కలు చేసి పారెయ్యాలి, ఇంకెవరూ బిగించుకోకుండా. బిగించాక కూడా మొదటి నిమిషం పక్కకి నిలబడి తిరగనివ్వాలి, ఎదురుగా కాదు.

ఆదివారం నెల్లిమర్ల నుంచి పొద్దున బస్సుకి వస్తాను. వీల్ నేను తట్టి చూస్తాను, వీల్ ముఖం చదును చేసే డ్రెస్సర్ నా పెట్టెలో ఉంది, తెస్తాను. అరిగిన బిట్లు అన్నీ ఒక డబ్బాలో వేసి ఉంచు, 3 మిల్లీమీటర్ల కంటే సన్నవి వద్దు, అవి కొత్తవి కొనుక్కోవడమే మేలు. రాయి ఈ లోపు కొనుక్కుని కూరగాయల చాకు మీద మొదలుపెట్టు. గ్రైండర్‌కి మాత్రం నేను వచ్చేదాకా ప్లగ్ పెట్టకు.

మీ పెదనాన్న